ఇంటి పని – ప్రశ్నలు, జవాబులు: సీలింగ్ బోర్డులు ఎగుడుదిగుడుగా ఉంటే లప్పం పెట్టకముందే చూసుకోండి

ప్రశ్న: నమస్కారం సార్. మాది మియాపూర్‌లో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్, ఇంటీరియర్ పని నడుస్తోంది. హాల్లో జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ బిగించారు, ఇంకా లప్పం పెట్టలేదు. పొద్దున చూస్తే బానే ఉంది గానీ సాయంత్రం బాల్కనీ తలుపులోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు జాయింట్ల దగ్గర ఒక బోర్డు కిందికీ పక్కది పైకీ ఉన్నట్టు తెలిసిపోతోంది, టీవీ గోడ వైపు నాలుగైదు అడుగుల మేర కాస్త కడుపు దిగినట్టు కూడా ఉంది. మేస్త్రీని అడిగితే "అదంతా లప్పంలో పోతుంది మేడమ్, మీరు టెన్షన్ పడకండి" అంటున్నాడు. సోమవారం నుంచి పెయింటర్ వస్తానన్నాడు, చుట్టూ కోవ్ లైట్, అంటే సీలింగ్ అంచు గాడిలో దాచిపెట్టే లైట్, పెట్టిస్తున్నాం. నిజంగా లప్పంలో పోతుందా? ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు పెయింటర్‌కి ఫోన్ చేసి సోమవారం రావద్దని చెప్పండి, మిగతాది తర్వాత. లప్పం పెట్టేశాక మేస్త్రీ "పెయింటర్ సరిగా పెట్టలేదు" అంటాడు, పెయింటర్ "బోర్డే వంకర" అంటాడు, మధ్యలో మీరు నలిగిపోతారు. ఇప్పుడైతే తప్పు ఎవరిదో బోర్డు మీదే కనిపిస్తోంది, సరిచేయడం కూడా సులువు.

లప్పంలో పోతుందా అంటే, గరుకుతనం పోతుంది, స్క్రూ గుంటలు పోతాయి, చిన్న గీతలు పోతాయి. ఎత్తుపల్లం పోదు. లప్పం పొర మహా అయితే మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర ఉంటుంది, అది కింద ఏ ఆకారం ఉంటే ఆ ఆకారంలోనే పరుచుకుంటుంది. పైగా మీరు కోవ్ లైట్ అంటున్నారు, ఆ వెలుతురు సీలింగ్‌ని పక్క నుంచి రాసుకుంటూ వెళ్తుంది కాబట్టి ఒక్క మిల్లీమీటరు మెట్టున్నా దాని నీడ పడుతుంది, మామూలు ట్యూబ్‌లైట్ కింద ఎవరికీ కనపడని జాయింట్ కోవ్ లైట్ వేసిన రోజు గోడ నుంచి గోడ దాకా గీత గీసినట్టు కనిపిస్తుంది. కాబట్టి మీ హాలుకి మామూలు ఇళ్ళకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

రాత్రి పూట హాల్లో లైట్లన్నీ ఆపేసి ఫోన్ టార్చ్ కాదు, కాస్త గట్టి ఎల్‌ఈడీ టార్చ్ తీసుకుని నిచ్చెన ఎక్కి, దాన్ని సీలింగ్‌కి ఆనించినట్టు పెట్టి బోర్డు వెంబడి వెలుగు పడేట్టు చూడండి. నీడ పడ్డ ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత ఆరడుగుల అల్యూమినియం బద్ద ఒకటి తెప్పించి, తాపీ పని వాళ్ళ దగ్గర ఉండేదే, వంకర లేనిది చూసుకుని, జాయింట్లకి అడ్డంగా పైకి ఆనించి బద్దకీ బోర్డుకీ మధ్య ఎక్కడ సందు వస్తోందో చూడండి. నేనైతే ఆరడుగుల బద్ద పెట్టినప్పుడు 3 మిల్లీమీటర్లకి మించి సందుంటే ఒప్పుకోను, కోవ్ లైట్ పడే అంచుల దగ్గర 2 దాటినా ఒప్పుకోను. రెండు ఏటీఎం కార్డులు కలిపితే మిల్లీమీటరున్నర, కొలవడానికి అదే చాలు.

ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోండి, మట్టం వేరు చదును వేరు. పన్నెండు అడుగుల గదిలో ఒక గోడ కంటే ఎదుటి గోడ దగ్గర సీలింగ్ 5 మిల్లీమీటర్లు కిందికి ఉందనుకోండి, రసమట్టం పెడితే తప్ప ఎవరూ కనిపెట్టలేరు. అదే ఒక జాయింట్ దగ్గర 2 మిల్లీమీటర్ల మెట్టుంటే గదిలోకి అడుగు పెట్టిన చుట్టం కూడా తలెత్తి చూస్తాడు. అందుకని మేస్త్రీతో వాదన పెట్టుకునేది చదును గురించి. మట్టం మాత్రం కర్టెన్ బాక్స్ పైన, వార్డ్‌రోబ్ పైన, కోవ్ అంచు వెంట, అంటే తిన్నని గీత పక్కనే వచ్చే చోట్ల పట్టించుకుంటే చాలు.

ఇప్పుడు మెట్టు సంగతి. గుర్తు పెట్టిన జాయింట్ దగ్గర కిందికి ఉన్న బోర్డుని అరచేత్తో పైకి నొక్కి చూడండి. పైకి కదిలిందంటే బోర్డు సెక్షన్‌కి, అంటే బోర్డుని స్క్రూలతో బిగించే రేకు పట్టీకి, గట్టిగా అతుక్కోలేదు. దీనికి రెండే కారణాలు చూస్తుంటాను నేను. ఒకటి, స్క్రూ పలచని రేకులో తిరిగి తిరిగి మర పోయింది, పైకి బిగిసినట్టే ఉంటుంది గానీ పట్టు ఉండదు, దాన్నే ఇంకా బిగిస్తే తల కాగితం చించుకుని లోపలికి పోతుంది తప్ప బోర్డు పైకి రాదు. ఆ స్క్రూ పీకేసి, బోర్డుని ఇంకొకరు అరచేత్తో పైకి ఒత్తి పట్టుకుని ఉండగా రెండంగుళాల పక్కన కొత్త స్క్రూ కొట్టాలి. రెండోది, బోర్డుకీ సెక్షన్‌కీ మధ్య ఏదో ఇరుక్కుంది. సెక్షన్ ముక్కని ముక్క మీద ఎక్కించి అతికిన చోటో, ఫ్రేమ్ బిగించిన స్క్రూ తల కిందికి పొడుచుకొచ్చిన చోటో, బోర్డు పొడి గడ్డకట్టిన చోటో ఇలా అవుతుంది. అప్పుడు ఆ అంచు స్క్రూలు ఊడదీసి, లోపల చూసి, తీసేసి మళ్ళీ బిగించాలి. పావుగంట పని, దానికి బద్ధకించి మూడు పూతల లప్పం ఖర్చు మీ మీద వేస్తారు.

నొక్కితే కదల్లేదనుకోండి, అప్పుడు పక్కన పైకి ఉన్న బోర్డు సంగతి చూడాలి. అది ఉన్న సెక్షన్ అరసెంటీమీటరు పైకి లాగి కట్టి ఉండొచ్చు. హ్యాంగర్, అంటే ఫ్రేమ్‌ని పై స్లాబ్ నుంచి వేలాడదీసే పట్టీ, అందేట్టు ఉంటే, లైట్ల కోసం కోసిన రంధ్రంలోంచో ట్రాప్ డోర్‌లోంచో చెయ్యి పెట్టి, స్క్రూ వదులు చేసి కిందికి దించి బిగించేయొచ్చు. అందకపోతే బోర్డు అంచు స్క్రూలు వదులు చేసి, సెక్షన్‌కీ బోర్డుకీ మధ్య పలచని ప్యాకింగ్, అంటే గట్టి అట్టముక్కో జీఐ పట్టీ ముక్కో పొడవుగా పెట్టి బిగిస్తే ఆ అంచు కిందికి వస్తుంది. ప్యాకింగ్ స్క్రూ దగ్గర చిన్న ముక్కలాగా పెట్టొద్దు, అంచు పొడుగునా పెట్టాలి, లేకపోతే స్క్రూ స్క్రూకీ మధ్య బోర్డు అలలా వస్తుంది.

టీవీ గోడ వైపు కడుపు దిగిందన్నారు కదా, అది బోర్డు తప్పు కాదు, ఫ్రేమ్ తప్పు. ఇంటర్మీడియట్ ఛానెళ్ళు, అంటే హ్యాంగర్లకి తగిలించే పై పట్టీలు, 1220 మిల్లీమీటర్లకి ఒకటి, అంటే నాలుగడుగులకి, వాటి కింద అడ్డంగా సీలింగ్ సెక్షన్లు 457 మిల్లీమీటర్లకి ఒకటి, అంటే అడుగున్నరకి రావాలి, బోర్డు 12.5 మిల్లీమీటర్ల మందం, స్క్రూలు 25 మిల్లీమీటర్లవి 230 మిల్లీమీటర్లకి ఒకటి, అంటే తొమ్మిది అంగుళాలకి. మన దగ్గర చాలామంది సెక్షన్ల మధ్య దూరం రెండడుగులకి లాగేస్తారు, హ్యాంగర్లు రెండు చోట్ల మిస్ చేస్తారు, కొటేషన్ తక్కువ వచ్చింది ఇలాగే. మీ దగ్గర సెక్షన్ల దూరం తెలుసుకోవడం సులువు, స్క్రూ తలల వరసలు కొలవండి, వరసకీ వరసకీ అడుగున్నర ఉండాలి. అది రెండడుగులుంటే మేస్త్రీతో గట్టిగా మాట్లాడాల్సిందే, ఎందుకంటే ఇవాళ చదును చేసినా వానాకాలం తేమకి బోర్డు మధ్యలో మళ్ళీ దిగుతుంది. దూరం సరిగానే ఉండి ఒక హ్యాంగర్ మాత్రమే వదులైతే, గోడ నుంచి గోడకి దారం కట్టి గానీ లేజర్ లెవెల్ పెట్టి గానీ ఎంత దిగిందో చూసి, ఆ వరస బోర్డు ఒకటి దింపి, హ్యాంగర్ పైకి లాగి బిగించి, అదే బోర్డు తిరిగి పెట్టుకోవచ్చు. జాగ్రత్తగా స్క్రూలు విప్పితే బోర్డు పాడవదు, కాగితం చిరిగితే మాత్రం కొత్తది పెట్టించండి, బోర్డుకి బలం ఇచ్చేది ఆ కాగితమే.

ఇదంతా కాదు మేడమ్ కింద దట్టంగా నింపేస్తాం అని మేస్త్రీ అంటే ఈ లెక్క చెప్పండి. జిప్సం పొడితో చదరపు మీటరు మీద మిల్లీమీటరు మందం నింపడానికి దాదాపు కిలో పొడి పడుతుంది. 100 చదరపు అడుగుల్లో 5 మిల్లీమీటర్లు నింపారంటే 45 కిలోల పైమాటే. 12.5 మిల్లీమీటర్ల బోర్డు బరువే చదరపు మీటరుకి 8, 9 కిలోలు, అంటే బోర్డు బరువులో సగానికి పైగా ఇంకో బరువు తలకిందులుగా వేలాడుతూ, ఆ పలచని కాగితాన్ని పట్టుకుని ఉంటుంది. వైట్ సిమెంట్ లప్పంతో అయితే ఇంకా ప్రమాదం, అది సిమెంట్ ప్లాస్టర్ గోడల కోసం చేసిన సరుకు, పలచగా రెండు పూతలు పెట్టడానికే పనికొస్తుంది, దట్టంగా పెడితే పగులుతుంది. పైగా జిప్సం మీద సిమెంట్ నేరుగా తగిలి తేమ చేరితే రెండూ కలిసిన చోట ఉబ్బి పెచ్చులూడే గుణం ఉంది. బోర్డు మీద ముందు జాయింటింగ్ కాంపౌండ్, అంటే జాయింట్లు నింపే జిప్సం సరుకు, తర్వాత ప్రైమర్, ఆ తర్వాతే ఏ లప్పమైనా.

ఫ్రేమ్ సరిచేశాక కూడా అక్కడక్కడా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మిగులుతుంది, దాన్ని నింపుకోవచ్చు, తప్పులేదు. ఎక్కడ నింపాలన్నదే చాలామంది తప్పు చేసేది. సీలింగ్ మీద సరుకు ఎప్పుడూ కిందికే పెరుగుతుంది కాబట్టి పైకి ఉన్న బోర్డు మీదే నింపాలి. కిందికి ఉన్న బోర్డు మీద కాంపౌండ్ అసలు పడకూడదు, జాయింట్ మీద అతికించే టేప్ పట్టుకోవడానికి కావలసినంత తప్ప. మన వాళ్ళు జాయింట్ మధ్యలో పెట్టి రెండు వైపులా సమానంగా లాగేస్తారు, దాంతో మెట్టు పోయి బుడిపె వస్తుంది. నేను పాటించే లెక్క, మిల్లీమీటరు తేడాకి కనీసం అడుగు వెడల్పు. 2 మిల్లీమీటర్ల మెట్టుంటే పైకి ఉన్న బోర్డు మీద రెండడుగుల దాకా పలచబరుస్తూ లాగాలి, చివర సున్నా అయిపోవాలి. చిన్న పుట్టీ బ్లేడుతో ఇది రాదు, పన్నెండంగుళాల బ్లేడు గానీ, అల్యూమినియం బద్దనే పక్కలు పట్టుకుని లాగడం గానీ చేయాలి. ఒక్కసారే నింపకుండా రెండు మూడు పూతలుగా, ముందు పూత గట్టిపడ్డాకే తర్వాతది.

బకెట్ సంగతి కూడా చెప్తా, ఎందుకంటే సైట్లో ఎవరూ పట్టించుకోరు. జిప్సం పొడి గట్టిపడటం అంటే ఆరడం కాదు, నీళ్ళని తనలోకి తీసుకుని మళ్ళీ రాయిగా మారడం. గట్టిపడటం మొదలయ్యాక ఇంకాస్త నీళ్ళు పోసి కలిపితే మెత్తగా అవుతుంది గానీ అది పొడిలాంటి సరుకు, గోరుతో గీస్తే రాలుతుంది. పాత సరుకు అంచులకి గట్టిపడి ఉన్న బకెట్‌లో కొత్తది కలిపితే ఆ పాత గడ్డలే కొత్త సరుకుని తొందరగా గట్టిపరిచేస్తాయి, అప్పుడు మేస్త్రీ మళ్ళీ నీళ్ళు పోస్తాడు. కాబట్టి ప్రతి కలుపుకీ బకెట్ కడగాలి, పది పదిహేను నిమిషాల్లో వాడేంతే కలపాలి, మీరు పక్కన నిలబడి చూసినా ఫర్వాలేదు.

అన్నీ అయ్యాక పొడవాటి చెక్కకి 150, 180 నంబర్ ఎమిరీ పేపర్ చుట్టి, టార్చ్ పక్క నుంచి పట్టుకుని పాముకోవాలి, చేత్తో కాగితం పట్టి రుద్దితే వేళ్ళ మధ్య గుంటలొస్తాయి. కాంపౌండ్ మీదే పామండి, బోర్డు కాగితం మీద పామితే నూగు లేచి పెయింట్ వేశాక మచ్చలా కనిపిస్తుంది. తర్వాత ప్రైమర్ ఒక పూత మొత్తం సీలింగ్‌కి. కాగితం ఒకలా పీలుస్తుంది, కాంపౌండ్ ఇంకోలా పీలుస్తుంది, ప్రైమర్ లేకుండా పెయింట్ వేస్తే చదునుగా ఉన్న జాయింట్ కూడా చారలా తేలుతుంది. ప్రైమర్ ఆరాక మళ్ళీ రాత్రి టార్చ్ పెట్టి చూసి మిగిలినవి సరిచేయించుకుని అప్పుడు లప్పం, పెయింట్. సీలింగ్‌కి మెరుపు లేని మ్యాట్ పెయింటే తీసుకోండి, షీన్ ఉన్నది ఎవరు ఎంత మంచిదని చెప్పినా వద్దు. మేస్త్రీకి ఇవ్వాల్సిన చివరి వాయిదా బద్ద పెట్టి చూపించాకే ఇస్తానని ఇవాళే చెప్పేయండి, మర్యాదగానే.

---

ప్రశ్న: సార్, మా ఇంట్లో ఫాల్స్ సీలింగ్ చేయించి ఏడాది కాలేదు. చదునుగానే ఉంది, కానీ జాయింట్ల వెంబడి వెంట్రుకంత పగుళ్ళు వస్తున్నాయి, కోవ్ మూలల దగ్గర మరీ ఎక్కువ. లప్పం రాసి పెయింట్ టచప్ చేయించాం, మళ్ళీ అక్కడే వచ్చాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: టేప్ లేదు, లేదా ఉండీ పట్టులేదు. లప్పం రాసి టచప్ చేసినంత కాలం ఇలాగే వస్తుంది, ఆ పగులు పెయింట్‌లో కాదు ఉన్నది. బ్లేడుతో ఒక పగులు కొంచెం చెక్కి చూడండి, లోపల కాగితం టేప్ గానీ ఫైబర్ జాలీ టేప్ గానీ కనిపించకపోతే జాయింట్‌లో ఉత్త లప్పం కూరారని అర్థం. జాలీ టేప్ ఉండి కూడా పగిలితే, దాని మీద గట్టిపడే జిప్సం కాంపౌండ్ బదులు మామూలు లప్పం పెట్టారు, ఆ టేప్‌కి అది సరిపోదు.

చేయాల్సింది ఏంటంటే జాయింట్ వెంబడి వి ఆకారంలో అరంగుళం వెడల్పు గాడి చెక్కి, పక్కన ఉన్న పెయింట్ నాలుగంగుళాలు పామేసి, కాంపౌండ్‌తో గాడి నింపి, దాని మీద పలచగా ఇంకో పూత రాసి కాగితం టేప్‌ని బ్లేడుతో ఒత్తుకుంటూ అతికించాలి. టేప్ కింద గాలి బుడగ ఉండకూడదు, వేలితో తడితే డొల్ల చప్పుడు వస్తే మళ్ళీ తీసి పెట్టాలి. దాని మీద ఎనిమిది అంగుళాలు, ఆ పైన పన్నెండు అంగుళాల వెడల్పున పూతలు. ఫ్యాక్టరీ అంచు ఉన్న జాయింట్ అయితే అంచు కాస్త పలచగా ఉంటుంది కాబట్టి టేప్ అందులో ఇమిడిపోతుంది. కోసిన అంచులు కలిసిన చోట ఆ వెసులుబాటు లేదు, టేప్ మందం అంతా కిందికే తేలుతుంది, అక్కడ రెండు వైపులా అడుగు అడుగు దాకా లాగకపోతే పగులు పోయి గుట్ట వస్తుంది.

కోవ్ మూలల్లో ఎక్కువ వస్తున్నాయంటే బోర్డు కోసిన తీరు చూడాలి. లోపలి మూల దగ్గర బోర్డుని ఎల్ ఆకారంలో ఒకే ముక్కగా కోసి పెట్టాలి, అలా కాకుండా రెండు ముక్కలు సరిగ్గా మూల దగ్గరే కలిపితే కదలిక అంతా అక్కడే చేరి ఎన్నిసార్లు పూసినా పగులుతుంది. అలా ఉన్నట్టు తేలితే ఆ మూల ముక్క ఒక్కటి మార్పించేయండి. ఫ్యాన్ గురించి మీరు రాయలేదు గానీ చెప్తున్నా, ఫ్యాన్ రాడ్ స్లాబ్ హుక్‌కే వేలాడాలి, రాడ్ చుట్టూ బోర్డుకి కాస్త ఖాళీ ఉండాలి, తగులుతుంటే ఆ ఊపుకి దగ్గర్లోని జాయింట్లు పగలడం ఖాయం.

---

ప్రశ్న: అన్నా, మేము ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటున్నాం, 1970ల నాటి ఇల్లు కొన్నాం. పైన బెడ్‌రూమ్‌లో సీలింగ్ పాడైతే బిల్డర్ పాతది తీసేసి చెక్క దూలాలకి కొత్త ప్లాస్టర్‌బోర్డు కొట్టాడు. దూలాలే ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి, బద్ద పెడితే కొన్ని చోట్ల 6, 7 మిల్లీమీటర్లు సందు వస్తోంది. ప్లాస్టరర్ వచ్చి చూసి స్కిమ్ చేసేస్తా అంటున్నాడు. పక్క బెడ్‌రూమ్‌లో గీతలు గీతలుగా డిజైన్ ఉన్న పాత పూత ఉంది, అది కూడా గీకి చదును చేసుకుందామా అని మా ఆయన అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తెలుగింటి కోడలు

జవాబు: రెండో సంగతి ముందు చెప్తాను, మీ ఆయన్ని ఆ పక్క గది సీలింగ్ ముట్టుకోవద్దనండి. గీకొద్దు, పామొద్దు, రంధ్రం కూడా వేయొద్దు. ఆ దేశంలో ఆస్‌బెస్టాస్ పూర్తిగా నిషేధించింది 1999లో, దానికి ముందు అలాంటి డిజైన్ పూతల్లో, అక్కడ ఆర్టెక్స్ అంటారే, తెల్ల ఆస్‌బెస్టాస్ కలిపినవి చాలా ఉన్నాయి. మీది 1970ల ఇల్లు కాబట్టి ఉందనే అనుకుని నడుచుకోండి. కదపకుండా ఉంటే పెద్ద ఇబ్బంది లేదు, గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దాని ఫలితం ఏళ్ళ తర్వాత గానీ తెలీదు. పద్ధతిగా శాంపిల్ తీసి ల్యాబ్ టెస్ట్ చేసే వాళ్ళు అక్కడ ఉన్నారు, ముందు అది చేయించండి, రిజల్ట్ చూశాకే ఆ గది గురించి ఆలోచించండి. బిల్డర్ తీసేసిన పాత సీలింగ్ మీద కూడా అదే డిజైన్ ఉండి ఉంటే ఆ విషయం టెస్ట్ చేసే వాళ్ళకి చెప్పండి, గదిలో మిగిలిన దుమ్ము మీరు మాత్రం ఊడవొద్దు, మామూలు వాక్యూమ్‌తో లాగొద్దు.

ఇక కొత్త బోర్డు. మన దగ్గర జాయింట్లు టేప్ వేసి నింపి పైన లప్పం పెడతాం, అక్కడ బోర్డు మొత్తం మీద ప్లాస్టర్ రెండు పూతలు తాపీతో పరిచి నున్నగా చేస్తారు, దాన్నే స్కిమ్ అంటారు. అదైనా మొత్తం 2, 3 మిల్లీమీటర్లే, 7 మిల్లీమీటర్ల పల్లాన్ని అది మింగలేదు. ప్లాస్టరర్ మంచివాడే అయినా తాపీ నడిచేది బోర్డు ఆకారం వెంటే, కిటికీ వెలుగు పడ్డప్పుడు అలలు అలాగే ఉంటాయి, కాకపోతే మెరుస్తూ ఉంటాయి.

నన్నడిగితే బిల్డర్‌ని పిలిచి బోర్డులు దింపించడమే సరైన పని. దూలాలు వంకరగా ఉన్నాయని బోర్డు కొట్టకముందే దారం కడితే తెలిసిపోతుంది, అది అతని బాధ్యత. దింపాక రెండు దార్లున్నాయి. తేడా కొన్ని దూలాలకే ఉంటే పైకి ఉన్న వాటి అడుగున సరిపడా మందం చెక్క పట్టీలు, ప్లాస్టిక్ ప్యాకర్లు పెట్టి అన్నిటినీ ఒక గీతకి తేవడం. గదంతా అలాగే ఉంటే ప్రతి దూలం పక్కనా కొత్త చెక్క ఒకటి ఆనించి బిగించడం, దాని అడుగు అన్నిటికంటే కిందికి ఉన్న దూలానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి వచ్చేట్టు లేజర్ గీతకి పెట్టి, ఇక బోర్డు ఆ కొత్త చెక్కలకే కొట్టడం. నాకు ఈ రెండోదే ఇష్టం, పాత దూలం ఎంత వంకరున్నా సంబంధం ఉండదు. కిందికి ఉన్న దూలాన్ని చెక్కేసి సమానం చేద్దాం అంటే మాత్రం ఒప్పుకోవద్దు, పై బరువు మోసేది అదే. దూలాల మధ్య వైర్లు, నీళ్ళ పైపులు ఎక్కడున్నాయో బోర్డు లేనప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. దూలాల దూరం కూడా కొలవండి, 600 మిల్లీమీటర్లకి ఒకటి ఉంటే 12.5 మందం బోర్డే వాడాలి, 9.5 బోర్డు 450 దాటితే పనికిరాదు, చెక్కకి స్క్రూ 38 మిల్లీమీటర్లది.

దింపడం అసలు కుదరదు, బోర్డు గట్టిగానే ఉంది, పల్లాలు అక్కడక్కడే అంటే బాండింగ్ కోట్ అనే దట్టమైన ప్లాస్టర్ దొరుకుతుంది, బోర్డు మీద నేరుగా పట్టుకుంటుంది. అది గోడల మీద 11, సీలింగ్ మీద 8 మిల్లీమీటర్ల వరకు వేసుకోవచ్చు, మీ 7 అందులోనే ఉంది. అయితే దాన్ని గదంతా పరిచేయమని కాదు, పల్లం ఉన్న చోటే, ముందు జాయింట్లకి స్క్రిమ్ టేప్, అంటే జాలీ టేప్, వేసి, పొడవాటి బద్దతో లాగి, అంచులు సున్నాకి తేల్చి, అది గట్టిపడ్డాక కాస్త గరుకుగా ఉండగానే స్కిమ్ ఎక్కించాలి. రోజుల తరబడి వదిలేస్తే నింపిన చోటు స్కిమ్‌లో నీళ్ళు తొందరగా లాగేసి, మిగతా బోర్డు దగ్గర నెమ్మదిగా ఉండి, ప్లాస్టరర్‌కి ఒకే సీలింగ్ మీద రెండు రకాల గట్టిపడటం వస్తుంది. అందుకని ఆ రెండు పనులూ ఒకే మనిషికి ఇవ్వండి, ఒకటి బిల్డర్‌కీ ఒకటి ప్లాస్టరర్‌కీ పంచొద్దు.

---

ప్రశ్న: గురువుగారూ, పై ఫ్లాట్ బాత్‌రూమ్ లీకేజీ వల్ల మా కారిడార్‌లో జిప్సం బోర్డు తడిసి అంగుళం కిందికి దిగింది. ఇప్పుడు ఆరిపోయింది. పైకి నొక్కి నాలుగు స్క్రూలు ఎక్కువ కొట్టి లప్పం పెడితే సరిపోతుందంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దండి. తడిసి వంగిన బోర్డు ఆరాక ఆ వంపులోనే బిగుసుకుపోతుంది, లోపల జిప్సం కాగితాన్ని వదిలేసి ఉంటుంది, నొక్కితే విరుగుతుంది లేదా స్క్రూ తలల దగ్గర తెగి మళ్ళీ దిగుతుంది. వంగిన మేర కోసి తీసేయించండి. కోసేటప్పుడు వంగినంత వరకే కోయకుండా రెండు వైపులా గట్టిగా ఉన్న సెక్షన్ మధ్య దాకా వెళ్ళాలి, కొత్త ముక్క అంచూ పాత బోర్డు అంచూ ఒకే సెక్షన్ మీద చెరి సగం ఆనాలి. సెక్షన్ లేని చోట అంచు వస్తే కొత్త సెక్షన్ ముక్క అడ్డంగా వేయించండి. కొత్త ముక్క మందం పాతదానితో సమానమో కాదో కొలిపించండి, 12.5 పక్కన వేరే మందం తెచ్చి పెడితే మెట్టు మీరే కొనుక్కున్నట్టు. తుప్పు పట్టిన స్క్రూలు, సెక్షన్లు ఉంటే అవీ మార్చాలి. బాత్‌రూమ్ కింద కాబట్టి తేమ తట్టుకునే ఆకుపచ్చ బోర్డు పెట్టించండి, అదైనా తేమకే గానీ కారే నీళ్ళకి ఆగదు.

పై వాళ్ళు రిపేర్ చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించి ఉంటే, బోర్డు తీసిన ఖాళీని వెంటనే మూయకుండా పది పదిహేను రోజులు అలాగే ఉంచి, పైన రోజూ స్నానాలు జరిగే టైమ్‌లో టార్చ్ వేసి స్లాబ్ అడుగు, పైపు జాయింట్లు చూస్తూ ఉండండి. ఒక్క చుక్క కూడా కనపడకపోతే అప్పుడు మేస్త్రీని పిలవండి.